టార్‌బాల్: మూలకోడు కట్టను గిట్‌లో దాచడం, యథాతథంగా తిరిగి తీయడం

సాఫ్ట్‌వేర్ రాసినవారు విడుదల రోజున బయటపెట్టే మూలకోడు కట్టను టార్‌బాల్ అంటారు. ఆ కట్టను గిట్ వంటి వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలో తక్కువ చోటులో దాచి, ఎన్నేళ్ల తర్వాతైనా ఒక్క బైటు తేడా లేకుండా మళ్లీ తయారుచేసుకునే విధానం ఈ వ్యాసం విషయం. ఈ పనికి ఎక్కువగా వాడే పనిముట్టు ప్రిస్టీన్-టార్. డెబియన్ ప్రాజెక్టులో పనిచేసిన జోయీ హెస్ దీన్ని 2007లో రాశారు. తెలుగు ఫాంట్లు, పదకోశాలు డెబియన్, ఉబుంటుల ద్వారా మన కంప్యూటర్లకు చేరేది ఇలాంటి కట్టల నుంచే. అందువల్ల తెలుగు కంప్యూటింగ్ చరిత్ర ఎంతకాలం నిలుస్తుందన్నది, ఈ కట్టలను ఎంత జాగ్రత్తగా దాచామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

టార్ 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. ఫైళ్లన్నిటినీ ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఒకే ఫైలుగా చేయడం దీని పని. కుదించడం దీని పనిలో భాగం కాదు. అందుకు 1992లో వచ్చిన జీజిప్‌ను, ఆ తర్వాత బీజిప్2ను, ఎక్స్‌జెడ్‌ను వాడుతున్నారు. ఇలా పేర్చి కుదించిన ఫైలే టార్‌బాల్. దశాబ్దాల పాటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విడుదలంటే ఈ కట్టను ఒక సర్వర్‌లో పెట్టడం, పక్కనే దాని చెక్‌సమ్‌ను (బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తింపు విలువను), కొన్నిసార్లు డిజిటల్ సంతకాన్ని ఉంచడం.

లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన గిట్ తీరు వేరు. అది కోడు చరిత్రనంతటినీ దాస్తుంది. ఎవరు ఏ రోజున ఏ వరుస మార్చారో చెబుతుంది. అయితే అది దాచేది ఫైలులోని విషయాన్ని, దాని పేరును, నడిపించదగిన ఫైలా కాదా అన్న గుర్తును మాత్రమే. ఫైలును చివరిసారి మార్చిన సమయం, దాని యజమాని, వర్గం, కట్టలో అది ఎన్నో స్థానంలో ఉంది వంటివి గిట్‌కు పట్టవు. ఖాళీ ఫోల్డర్లను అసలే దాచదు. కోడు రాసేవారికి ఇవేవీ అక్కర్లేదు. విడుదలైన కట్టను మళ్లీ నిర్మించాలనుకునేవారికి ఇవన్నీ కావాలి.

జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రానికి వచ్చే బేలును తలచుకుంటే తేడా తెలుస్తుంది. బేలు విప్పి, అవే ఆకులతో మళ్లీ కడితే పొగాకు మారదు. కానీ పాత చీటీ ఆ కొత్త బేలుకు చెల్లదు. చీటీ ఇచ్చింది ఆ కట్టకు. చెక్‌సమ్ కూడా అంతే, కట్టకు ఇచ్చిన చీటీ. లోపలి ఫైళ్లన్నీ అవే అయినా కట్టిన తీరులో ఒక్క బైటు మారితే షా-256 వంటి చెక్‌సమ్ విలువ పూర్తిగా మారిపోతుంది.

బైట్లు ఎక్కడ మారతాయి

టార్ కట్టలో ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల శీర్షం ఉంటుంది. అందులో పేరుకు 100 బైట్లు కేటాయించారు. ఆ తర్వాత అనుమతులు, యజమాని సంఖ్య, వర్గం సంఖ్య, పరిమాణం, చివరిసారి మార్చిన సమయం వరుసగా వస్తాయి. సంఖ్యలను సాధారణంగా అష్టాంశ మానంలో రాస్తారు. కట్ట చివర సున్నాల బ్లాకులు ఉంటాయి. గ్నూ టార్ మామూలుగా కట్ట మొత్తం పొడవును 10,240 బైట్ల గుణిజానికి పెంచి ముగిస్తుంది. వేరే పనిముట్టుతో కడితే ఈ ముగింపు కూడా మారవచ్చు.

పేర్లు తెలుగులో ఉన్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడి సంకేతాలే. ‘జంగారెడ్డిగూడెం’ అన్న మాటలో 15 సంకేతాలున్నాయి, అంటే 45 బైట్లు. ‘తాడేపల్లిగూడెం’ 42 బైట్లు, ‘ఏలూరు’ 15 బైట్లు. ఈ మూడింటినీ మధ్యలో చిన్న గీతలతో కలిపి ఒక ఫైలుకు పేరుగా పెడితే 104 బైట్లవుతుంది. 100 బైట్ల గడిలో అది పట్టదు. అప్పుడు గ్నూ పద్ధతి పొడవు పేరు కోసం ముందొక అదనపు శీర్షాన్ని చేరుస్తుంది. 2001 నాటి పోసిక్స్ ప్రమాణంలోని ప్యాక్స్ పద్ధతి అదే పేరును మరో రకం విస్తృత శీర్షంలో రాస్తుంది. పైథాన్ భాషలోని టార్ మాడ్యూల్ 3.8 వెర్షన్ నుంచి గ్నూ పద్ధతి వదిలి ప్యాక్స్‌కు మారింది. అంటే ఒకే స్క్రిప్టును పాత పైథాన్‌తో ఒకసారి, కొత్త పైథాన్‌తో ఒకసారి నడిపితే, అవే ఫైళ్లకు రెండు వేర్వేరు కట్టలు తయారుకావచ్చు.

కొల్లేటి ఒడ్డున ఉన్న ‘కైకలూరు’ పేరులో మరో మెలిక ఉంది. తెలుగు ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా రాయడం ఒకటి, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగా రాయడం రెండోది. యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సమానం. మొదటి రూపంలో ‘కైకలూరు’ 21 బైట్లు, రెండో రూపంలో 24. ఆపిల్ కంప్యూటర్లలో చాలాకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. తెరమీద రెండూ ఒకేలా కనబడతాయి. టార్ శీర్షంలో మాత్రం బైట్లు వేరు, చెక్‌సమ్ వేరు.

కుదింపు దగ్గర మరిన్ని తేడాలు చేరతాయి. జీజిప్ ఫైలు మొదటి రెండు బైట్లు ఎప్పుడూ 31, 139. అయిదు నుంచి ఎనిమిదో బైటు వరకు సమయం ఉంటుంది. తొమ్మిదో బైటు కుదింపు తీవ్రత గురించి, పదో బైటు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కుదించారన్నదాని గురించి చెబుతాయి. ఆ తర్వాత అసలు ఫైలు పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లోపలి సమాచారాన్ని ఎలా కుదించాలన్నది కూడా ప్రోగ్రామును బట్టి మారుతుంది. జీజిప్, జెడ్‌లిబ్, పిగ్జ్ మూడూ చెల్లుబాటయ్యే ఫైళ్లనే ఇస్తాయి. విప్పితే ఒకే విషయం వస్తుంది, కానీ కుదించిన రూపంలో బైట్లు కలవకపోవచ్చు.

ప్రిస్టీన్-టార్ పనితీరు

టార్‌బాల్‌ను ఉన్నది ఉన్నట్టు గిట్‌లో పడేయవచ్చు కదా అని అనిపిస్తుంది. కుదించిన ఫైళ్లలో చిన్న మార్పు కూడా ఆ తర్వాతి బైట్లను చాలావరకు కదిలిస్తుంది కనుక, రెండు వెర్షన్ల మధ్య పోలికను గిట్ పట్టుకోలేదు. విడుదలకొక పూర్తి ప్రతి చేరుతూ పోతే గిట్ భాండాగారం (రిపాజిటరీ) బరువెక్కుతుంది. అందులోని ఫైళ్లన్నీ విప్పిన రూపంలో గిట్‌లో ముందే ఉన్నాయి కనుక అదంతా రెండోసారి దాచడమే.

ప్రిస్టీన్-టార్ తేడాను మాత్రమే దాస్తుంది. కొత్త టార్‌బాల్‌ను ఇచ్చినప్పుడు అది మొదట కుదింపును పరిశీలిస్తుంది. ఏ ప్రోగ్రాముతో, ఏ స్థాయిలో కుదిస్తే ఇవే బైట్లు వస్తాయో ప్రయత్నించి కనుక్కుంటుంది. తర్వాత కట్టలోని ఫైళ్ల వరుసను ఒక జాబితాగా రాసుకుంటుంది. గిట్‌లోని ఫైళ్లను ఆ వరుసలో పేర్చి, సమయాలు, యజమానులు అన్నీ ఒకే స్థిర విలువకు తెచ్చి, తానొక టార్ కట్ట కడుతుంది. తాను కట్టిన దానికి, అసలు కట్టకు మధ్య ఉన్న తేడాను ఎక్స్‌డెల్టా ప్రోగ్రాముతో చిన్న ఫైలుగా తీస్తుంది. ఈ తేడాను, ఫైళ్ల జాబితాను, కుదింపు వివరాలను ఒక డెల్టా ఫైలులో చేర్చి, గిట్‌లో ప్రిస్టీన్-టార్ అన్న పేరుతోనే ఉండే ప్రత్యేక శాఖలో పెడుతుంది. దాని పక్కనే మరో చిన్న ఫైలు ఉంటుంది. ఏ గిట్ వృక్షం (ఫైళ్ల అమరిక) నుంచి ఫైళ్లను తీసుకోవాలో అందులోని గుర్తింపు సంఖ్య చెబుతుంది.

తిరిగి తీసేటప్పుడు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. గిట్ నుంచి ఫైళ్లు తీసి, జాబితా ప్రకారం పేర్చి, డెల్టాతో సరిదిద్ది, గుర్తుంచుకున్న పద్ధతిలో కుదిస్తే అసలు టార్‌బాల్ చేతికొస్తుంది. వాడేవారికి తెలియవలసిన ముఖ్యమైన ఆదేశాలు కొన్నే. టార్‌బాల్‌ను దాచడానికి కమిట్, తిరిగి తీయడానికి చెకౌట్, ఉన్నవాటిని చూడడానికి లిస్ట్, సరిచూడడానికి వెరిఫై. డెల్టా సాధారణంగా అసలు కట్టతో పోలిస్తే చాలా చిన్నది. తర్వాత వచ్చిన వెర్షన్లలో రచయితల డిజిటల్ సంతకాన్ని కూడా డెల్టాతో పాటే దాచే వీలు కల్పించారు.

డెబియన్‌లో స్థానం

డెబియన్ 1993 ఆగస్టులో మొదలైన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు సహా ఎన్నో పంపిణీలకు అదే మూలం. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించడానికి కూడా డెబియన్‌నే పునాదిగా తీసుకుంది.

డెబియన్‌లో సాధారణంగా మూల ప్యాకేజీకి రెండు భాగాలుంటాయి. రచయితలు విడుదల చేసిన కట్ట మొదటిది. దాన్ని డెబియన్‌కు తగ్గట్టు నిర్మించే సూచనలు, దిద్దుబాట్లు రెండోది. ఈ రెండింటి చెక్‌సమ్‌లనూ ఒక వివరాల ఫైలులో రాసి, నిర్వాహకులు సంతకం చేస్తారు. ప్యాకేజీలో చిన్న దోషం దిద్ది మళ్లీ పంపినప్పుడు మారేది రెండో భాగం మాత్రమే. మొదటి భాగం ముందటి దానితో బైటు బైటుకూ కలవాలి. అదే పేరుతో వేరే చెక్‌సమ్ ఉన్న కట్టను పంపితే డెబియన్ భాండాగారం తిరస్కరిస్తుంది.

నిర్వాహకులు ఒకరి నుంచి ఒకరికి మారుతుంటారు. ఒకరి కంప్యూటర్లోని టార్‌బాల్ మరొకరి దగ్గర ఉండకపోవచ్చు. గిట్ భాండాగారాన్ని ఒక్కసారి దించుకుంటే అసలు కట్ట కూడా దానితోనే వచ్చేలా చేయడం ప్రిస్టీన్-టార్ తీర్చిన అవసరం. గైడో గుంథర్ రూపొందించిన గిట్-బిల్డ్‌ప్యాకేజీ పనిముట్టు దీన్ని రోజువారీ పనిలో భాగం చేసింది. ఆ పద్ధతిలో భాండాగారానికి మూడు శాఖలుంటాయి. ఒకదానిలో రచయితల కోడు, రెండోదానిలో డెబియన్ మార్పులు, మూడోదానిలో డెల్టాలు. 2018లో పాత అలియోత్ సర్వర్ మూతపడి, సల్సా అనే కొత్త సర్వర్ వచ్చినప్పుడు, ఈ మూడు శాఖలూ ఉన్న ప్రాజెక్టులు తమ అసలు కట్టలను వెంటబెట్టుకునే కొత్త ఇంటికి వెళ్లగలిగాయి.

తెలుగు ఫాంట్లు ఒక ఉదాహరణ

లోహిత్ తెలుగు ఫాంటు ఈ అవసరాన్ని స్పష్టంగా చూపిస్తుంది. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో భారతీయ భాషల కోసం లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. 2011లో వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మార్చింది. వాటి విడుదల కట్టలు ఫెడోరా హోస్టెడ్ సర్వర్‌లో ఉండేవి. 2017లో ఆ సర్వర్ మూతపడింది. డెబియన్‌లో ఈ ఫాంటు నేటికీ ఫాంట్స్-లోహిత్-తెలు పేరుతో దొరుకుతోంది. మూలం పెట్టిన చోటు మాయమైనా, ఆ మూలాన్ని దాచినవారు ఉన్నంతకాలం తెలుగు అక్షరం తెరమీద నిలబడుతుంది.

ఇంకా ముందటి తరంలో, కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఎందరో తెలుగువారికి యూనికోడ్‌ను పరిచయం చేశాయి. తర్వాతి దశాబ్దంలో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వెలువడ్డాయి. కొన్నిటిలో ఇంగ్లిష్ అక్షరాలను వెర్నన్ ఆడమ్స్ చేశారు. ఒక ఫాంటులో ఇలా ఎందరి చేతులో ఉంటాయి. ఏ విడుదలలో ఎవరి పని ఎంత ఉందో తేల్చి చెప్పగలిగేది, ఆనాటి కట్ట యథాతథంగా దొరికినప్పుడే.

లైసెన్సు కూడా ఇదే కోరుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం, రచయిత ప్రత్యేకించి అట్టేపెట్టుకున్న ఫాంటు పేరును మార్చిన రూపాలకు వాడకూడదు. ఒక ఫాంటు మార్చిందా, మార్చనిదా అని తేల్చడానికి అసలు విడుదలే సాక్ష్యం. ఒత్తు కింద పడాల్సింది పక్కకు జరగడం, రెండు అక్షరాలు ఒకదానిపై ఒకటి ఎక్కడం వంటి దోషాలు ఏ వెర్షన్‌లో మొదలయ్యాయో వెతకడానికి కూడా పాత కట్టలే ఆధారం.

విశ్వసనీయత, భద్రత

కట్టలోని కోడు, గిట్‌లోని కోడు ఒకటే అని అందరూ అనుకుంటున్న చోటే 2024లో పెద్ద ప్రమాదం బయటపడింది. ఎక్స్‌జెడ్ కుదింపు ప్రాజెక్టు 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి తెరిచే కోడు ఉందని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న వెల్లడించారు. దాన్ని పనిచేయించే నిర్మాణ ఫైలు ఒకటి విడుదల టార్‌బాల్‌లో ఉంది, బహిరంగ గిట్ భాండాగారంలో లేదు. గిట్‌ను మాత్రమే చదివినవారికి అది కనిపించే అవకాశం లేదు. ప్రాజెక్టు గిట్ చరిత్రను, విడుదల కట్టలోని ఫైళ్లను ఒకే భాండాగారంలో పక్కపక్కన ఉంచుకుంటే ఇలాంటి తేడాను ఒక్క ఆదేశంతో చూడవచ్చు. చూసేవారు ఉండాలన్నది మాత్రం ఏ పనిముట్టూ తీర్చలేని షరతు.

దానికి ఏడాది ముందు, 2023 జనవరి 30న, గిట్ భాండాగారాలను ఉంచే గిట్‌హబ్ సైటులో అప్పటికప్పుడు తయారయ్యే కట్టల చెక్‌సమ్‌లు ఒక్కసారిగా మారిపోయాయి. గిట్ కొత్త వెర్షన్ బయటి జీజిప్ బదులు తన లోపలి కుదింపును వాడడమే కారణం. కోడులో ఒక్క అక్షరం మారలేదు. అయినా పాత చెక్‌సమ్‌ను నమ్ముకున్న నిర్మాణ వ్యవస్థలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. గిట్‌హబ్ ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకుంది. గిట్‌లో విడుదలకు గుర్తుగా పెట్టిన ట్యాగ్ నుంచి ఎప్పుడంటే అప్పుడు కట్ట తీసుకోవచ్చన్న ధీమా సరిపోదని ఆ రోజు రుజువైంది.

పరిమితులు

ప్రిస్టీన్-టార్ బలం, బలహీనత ఒకచోటే ఉన్నాయి. అది టార్, ఎక్స్‌జెడ్ వంటి బయటి ప్రోగ్రాముల ప్రవర్తనపై ఆధారపడుతుంది. ఆ ప్రోగ్రాములు మారితే ఒకప్పుడు సవ్యంగా తిరిగొచ్చిన కట్ట రేపు రాకపోవచ్చు. ఎక్స్‌జెడ్‌తో కుదించిన కట్టల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. డెల్టా సూచించే గిట్ వృక్షాన్ని ఎవరైనా తుడిచేస్తే డెల్టా వట్టిపోతుంది. జోయీ హెస్ కొన్నేళ్లకు దీని నిర్వహణ వదిలేశారు, 2014లో డెబియన్ నుంచే తప్పుకున్నారు. తర్వాత ఇతర నిర్వాహకులు బాధ్యత తీసుకున్నారు. కనుక దీన్ని ఏకైక భద్రతగా భావించకూడదు. డెల్టా దాచిన ప్రతిసారీ కట్టను తిరిగి తీసి, షా-256 విలువ సరిచూడాలి. చెక్‌సమ్‌ను, సంతకాన్ని విడిగా కూడా ఉంచాలి.

ప్రత్యామ్నాయాలు

పెద్ద ఫైళ్లను గిట్ బయట ఉంచి, వాటి గుర్తులను మాత్రమే గిట్‌లో దాచే పద్ధతి ఒకటుంది. 2010లో జోయీ హెస్సే రాసిన గిట్-అనెక్స్, 2015లో గిట్‌హబ్ తెచ్చిన గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఈ కోవలోవి. ఇవి కట్టను అలాగే దాస్తాయి కనుక పునర్నిర్మాణంలో తేడా రాదు. చోటు మాత్రం ఎక్కువ కావాలి.

గ్నూ గిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పంపిణీ వర్గం కోసం తయారైన డిసార్కైవ్ టార్‌బాల్‌ను విడగొట్టి, శీర్షాల వివరాలను చదవదగిన రూపంలో రాసుకుంటుంది. లోపలి ఫైళ్లను సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ నుంచి తెచ్చుకుని కట్టను మళ్లీ కడుతుంది. సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ 2016లో ప్రారంభించిన ప్రపంచ మూలకోడు భాండాగారం. అది ప్రతి ఫైలుకూ, ప్రతి వృక్షానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య 2025లో అంతర్జాతీయ ప్రమాణమైంది. డెబియన్ విషయానికొస్తే, ఒకప్పుడు ప్రచురించిన కట్టలను తేదీలవారీగా అందించే స్నాప్‌షాట్ సేవ ఉంది. గిట్ చరిత్రనే విడుదలకు ఆధారంగా తీసుకునే డీగిట్, ట్యాగ్-టు-అప్‌లోడ్ మార్గాలు కూడా ఉన్నాయి. వీటిని ఇష్టపడేవారు, రచయితలే గిట్‌లో పనిచేస్తున్నప్పుడు టార్‌బాల్ అవసరం తగ్గిపోయిందని వాదిస్తారు. గిట్ చరిత్ర లేకుండా కట్టలుగా మాత్రమే మిగిలిన పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ వాదన వర్తించదు.

తెలుగు నేలపై చేయదగిన పని

ఈ పద్ధతికి పెద్ద యంత్రాలు, పెద్ద నిధులు అక్కర్లేదు. గిట్, ప్రిస్టీన్-టార్ రెండూ డెబియన్, ఉబుంటులలో ఉచితంగా దొరుకుతాయి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. జంగారెడ్డిగూడెం నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి ఈ చదువులకు వెళ్లే పిల్లలు ఒక తెలుగు ఫాంటునో, కీబోర్డు అమరికనో, అక్షరదోషాలు పట్టే పదకోశాన్నో ఎంచుకుని, దాని పాత విడుదలలన్నిటినీ సేకరించి, ఒక్కొక్కదాన్నీ గిట్‌లో వరుసగా చేర్చి, డెల్టాలు దాచి, చెక్‌సమ్‌లతో సరిచూసి పెడితే అది పూర్తిస్థాయి ప్రాజెక్టు పని అవుతుంది.

ఈ సూత్రం సాఫ్ట్‌వేర్‌తో ఆగదు. కొల్లేరు 2002లో రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. సరస్సు నీటిమట్టాలు, పక్షుల లెక్కలు, పటాలు కట్టలుగా విడుదలైనప్పుడు వాటికీ ఇదే జాగ్రత్త కావాలి. తర్వాత ఎవరైనా అంకెలు సవరించినా, మొదట ప్రకటించిన పట్టిక ఏదో నిరూపించగలగాలి. సవరణ తప్పు కాదు, మూలం లేకుండా చేసిన సవరణను నమ్మడానికి ఆధారమే ఉండదు.

తెలుగులో సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, సమాచార పట్టికలు విడుదల చేసేవారు నాలుగు పనులు అలవాటు చేసుకోవాలి. విడుదల కట్టకు షా-256 విలువను ప్రకటించాలి. దానిపై డిజిటల్ సంతకం చేయాలి. కట్ట ఏ గిట్ ట్యాగ్ నుంచి, ఏ పనిముట్టుతో తయారైందో రాసిపెట్టాలి. భాండాగారాన్ని సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లో భద్రపరచమని కోరాలి. ఈ నాలుగూ ఒక పూటలో అయ్యే పనులు. మీ దగ్గర పాత తెలుగు ఫాంట్ల, ప్రోగ్రాముల అసలు కట్టలు ఏ సీడీలోనైనా, ఏ పాత హార్డ్‌డిస్కులోనైనా ఉంటే, లైసెన్సు చూసుకుని, అవి పాడయ్యేలోగా వాటిని విప్పకుండా, మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టుగా బయటికి తీయండి.